కారు వెనక పడకగది: మీ ప్రశ్నలు, మా జవాబులు

రిటైర్మెంటు దగ్గర పడిన అమెరికా తెలుగువాళ్ల నుంచి ఈమధ్య ఒకే రకం ఉత్తరాలు ఎక్కువగా వస్తున్నాయి. గరాజ్‌లో సొంతంగా చిన్న క్యాంపింగ్ ట్రైలర్ కట్టుకుంటామని కొందరు, కట్టేశాం గానీ ఫలానా చోట ఇబ్బందిగా ఉందని ఇంకొందరు. ఎక్కువమంది మనసులో ఉన్నది టియర్‌డ్రాప్. ముందువైపు గుండ్రంగా, వెనక వాలుగా ఉండే చెక్క పెట్టె అది. లోపల పరుపు తప్ప ఏమీ ఉండదు, వెనక మూత ఎత్తితే వంటిల్లు. అమెరికాలో 1930ల నుంచీ జనం ఇళ్లలో కట్టుకుంటున్న నమూనా. వచ్చిన ప్రశ్నల్లో నలుగురికీ పనికొచ్చేవి ఏరి జవాబులు ఇస్తున్నాం.

నాకు 64, మా ఆవిడకు 61. వచ్చే మార్చిలో రిటైరవుతున్నాను. టయోటా సియెనా ఉంది. బల్లలు, అలమారలు చేసిన అనుభవం ఉంది. ఏ సైజుతో మొదలుపెట్టమంటారు?
— ప్లేనో, టెక్సస్

సైజు కంటే ముందు మోకాళ్ల సంగతి తేల్చుకోండి. టియర్‌డ్రాప్ లోపలి ఎత్తు నాలుగడుగులకు అటూ ఇటూ. నిలబడలేరు. బట్టలు మార్చుకోవడం కూడా కూర్చునే. గరాజ్‌లో నాలుగడుగుల ఎత్తున తాళ్లు కట్టి పైన దుప్పటి పరవండి, కింద పరుపు వేసుకుని ఇద్దరూ ఒక రాత్రి పడుకుని చూడండి. అర్ధరాత్రి బాత్రూముకు లేచేటప్పుడు అసలు విషయం తెలిసిపోతుంది. వేల డాలర్ల ప్లైవుడ్ కొనకముందే ఈ పని చేయడం మంచిది.

పరీక్ష నెగ్గితే అయిదడుగుల వెడల్పు, పదడుగుల పొడవు పెట్టుకోండి. ముప్పావు అంగుళం ప్లైవుడ్ గోడలు రెండూ పోగా లోపల 58.5 అంగుళాలు మిగులుతుంది. 60 అంగుళాల క్వీన్ ఫోమ్ పరుపు కాస్త అదిమితే పట్టేస్తుంది. పొడవులో 80 అంగుళాలు పరుపుకు పోతే వెనక వంటింటికి సుమారు 40 అంగుళాలు దొరుకుతాయి. నాలుగడుగుల వెడల్పు పెట్టెలో ఇద్దరు పెద్దవాళ్లు పడుకోవచ్చుగానీ ఒకరు పక్కకు తిరిగితే రెండోవారు మేలుకుంటారు.

తలుపులు రెండు వైపులా ఉండి తీరాలి. ఒకరి మీదుగా ఇంకొకరు పాకే అవసరం ఉండదు, ప్రమాదం వస్తే రెండో దారీ ఉంటుంది. పరుపు పైభాగం నేల నుంచి 22 నుంచి 26 అంగుళాల ఎత్తులో ఉంటే కారు సీటులోంచి దిగినట్టే కాళ్లు కింద పెట్టి లేవచ్చు. ఈ ఎత్తు ఫ్రేమ్, టైర్లు ఎంచుకునేటప్పుడే ఖాయమైపోతుంది, తర్వాత మార్చలేరు.

ఆ సైజు ట్రైలర్ సామానుతో 1,400 నుంచి 1,800 పౌండ్లు తూగుతుంది. సియెనా లాగగలిగేది 3,500 పౌండ్లు కాబట్టి ఫరవాలేదు. 2019–2025 రావ్‌4 హైబ్రిడ్ ఉన్నవాళ్లకు పరిమితి 1,750 పౌండ్లే, వాళ్లు నాలుగు బై ఎనిమిది దగ్గరే ఆగాలి. టెస్లా మోడల్ వై కూడా 3,500 పౌండ్లు లాగుతుంది. కాకపోతే ఒక్క చార్జికి వెళ్లే దూరం ఇంచుమించు సగానికి పడిపోతుందని లెక్క వేసుకుని బయల్దేరండి. ఇంకో మాట: హిచ్ (కారు వెనక ట్రైలర్ తగిలించే కొక్కెం) మీద పడే బరువు కారులోని మనుషులు, సామాను లెక్కలోకే వస్తుంది. డ్రైవర్ తలుపు ఫ్రేమ్ మీద అంటించిన స్టిక్కర్‌లో ఉన్న అంకెలోంచి దాన్ని తీసేసి చూసుకోవాలి. చాలామంది ఈ లెక్క మర్చిపోతారు.

పరీక్షలో మోకాళ్లు ఒప్పుకోకపోతే నిరాశపడకండి. ఆరు బై పన్నెండు మూసిన కార్గో ట్రైలర్ కొని లోపల మంచం, అరలు బిగించుకోండి. నిలబడొచ్చు, వంపుల చెక్కపని తప్పుతుంది. బరువు, గాలి తాకిడి పెరుగుతాయి, పెట్రోలు ఎక్కువ తాగుతుంది. అరవై దాటిన జంటల్లో సగం మందికి ఇదే మేలని మా అభిప్రాయం, అందం కాస్త తక్కువైనా సరే.

ఫ్రేమ్ నేనే వెల్డింగ్ చేసుకోనా, కొననా?
— చార్లెట్, నార్త్ కరోలినా

కొనండి. వెల్డింగ్ వచ్చినా కొనమనే చెబుతాం. కారణం ఇనుము కాదు, కాగితం. కొత్త ట్రైలర్ కిట్‌తో పాటు తయారీదారు ధ్రువపత్రం వస్తుంది. దాన్ని పట్టుకెళితే డీఎంవీ (వాహనాల రిజిస్ట్రేషన్ ఆఫీసు) పని సులువుగా అయిపోతుంది. ఫ్రేమ్ కూడా సొంతమైతే తనిఖీ, రాష్ట్రం ఇచ్చే కొత్త విన్ (వాహన గుర్తింపు) నంబరు, తూకం చీటీ, ప్రతి ముక్కకూ రసీదు – ఇవన్నీ అడగొచ్చు. రూల్స్ రాష్ట్రానికో తీరు. ఉదాహరణకు టెక్సస్‌లో మొత్తం బరువు 4,000 పౌండ్లు దాటితేనే టైటిల్ తప్పనిసరి. మొదటి స్క్రూ బిగించకముందే మీ డీఎంవీ ఏమేం అడుగుతుందో రాసి పెట్టుకోండి. రసీదులన్నీ ఒక కవర్లో దాచండి.

నాలుగు బై ఎనిమిది బోల్టుల కిట్లు 12 అంగుళాల చక్రాలతో, 1,720 పౌండ్ల సామర్థ్యంతో దొరుకుతాయి. మధ్యకు మడిచే రకమైతే ఆ కీలు దగ్గర రెండు ముక్కలనూ బోల్టులతో శాశ్వతంగా కలిపేయండి. ఈ కిట్ల కమాను పట్టీలు నిండు బరువుకు తయారైనవి. 900 పౌండ్ల పెట్టె పెడితే ప్రతి గతుకుకూ ఎగిరిపడతాయి, లోపల స్క్రూలు వదులవుతాయి. డబ్బు పెట్టగలిగితే రబ్బరు టోర్షన్ యాక్సిల్‌ను (కమాను పట్టీల బదులు రబ్బరుతో కుదుపు ఆపే ఇరుసు) మీ బరువుకు తగ్గట్టు ఆర్డరిచ్చి వేయించండి.

ట్రైలర్ పూర్తయింది. 1,200 పౌండ్లు. టంగ్ వెయిట్ (ట్రైలర్ ముందు కొస హిచ్ మీద మోపే బరువు) కొలిస్తే 150 వచ్చింది, అంటే 12.5 శాతం, పుస్తకంలో చెప్పినట్టే. అయినా క్యాంపుకు వెళ్లేటప్పుడు 55 మైళ్ల దగ్గర తోక ఊపుతోంది. వెనక వంటింట్లో పది గాలన్ల నీళ్ల ట్యాంకు, బ్యాటరీ ఉన్నాయి.
— సాన్ హొసే, కాలిఫోర్నియా

మీరు కొలిచినప్పుడు ట్యాంకు ఖాళీగా ఉండి ఉంటుంది. మీ డ్రాయింగ్ ప్రకారం కప్లర్ (హిచ్ బాల్ మీద కూర్చునే ట్రైలర్ కొస) నుంచి ఇరుసుకు 96 అంగుళాలు, ఇరుసు వెనక 40 అంగుళాల దగ్గర ట్యాంకు. గాలన్ నీళ్లు 8.3 పౌండ్లు కాబట్టి పది గాలన్లు 83. ఇరుసు వెనక పెట్టిన బరువు ముందు భాగాన్ని పైకి లేపుతుంది. ఎంత లేపుతుందంటే 83ని 40తో గుణించి 96తో భాగిస్తే దాదాపు 35 పౌండ్లు. మీ 150 కాస్తా 115 అయింది, మొత్తం బరువు 1,283 అయింది. 115 అంటే 9 శాతం. పది శాతం కిందికి దిగితే ట్రైలర్ ఊగడం మొదలవుతుంది. 10 నుంచి 15 మధ్య ఉండాలి.

ట్యాంకును ఇరుసు మీదికో కాస్త ముందుకో జరపడం అసలు మందు. అది పెద్ద పని అనుకుంటే బ్యాటరీని ముందు టంగ్ మీద పెట్టెలోకి మార్చండి. మీ లిథియం బ్యాటరీ సుమారు 25 పౌండ్లు. ఇరుసు వెనక 40 అంగుళాల నుంచి ముందు 70 అంగుళాలకు వెళితే 110 అంగుళాల మార్పు. 25ని 110తో గుణించి 96తో భాగిస్తే 29 పౌండ్లు ముందుకు తిరిగొస్తాయి. అప్పుడు 144, అంటే 11 శాతం పైన. అదీ కుదరకపోతే నీళ్లు క్యాంపుకు వెళ్లాక పట్టుకోండి. బియ్యం, పప్పులు, గిన్నెలు కూడా వెనకే చేరతాయన్నది గుర్తుపెట్టుకోండి. ప్రయాణానికి సర్దినంతా సర్దాకే తూకం వేయాలి. మొత్తం బరువుకు ట్రక్ స్టాపుల్లో ఉండే తూకాలు వాడుకోండి.

టంగ్ బరువును ఇంట్లోని బాత్రూమ్ తూకంతోనే చూడొచ్చు. తూకం మీద చెక్క దిమ్మ పెట్టి, కారుకు తగిలించినప్పుడు ఉండే ఎత్తులోనే కప్లర్ నిలిచేలా చూడండి. తూకం అంత బరువు మోయలేదనుకుంటే ఒక దుంగను ఒక చివర ఇటుక మీద, రెండో చివర తూకం మీద ఆనించండి. టంగ్ బరువు ఇటుకకు ఒక అడుగు, తూకానికి రెండడుగుల దూరంలో పడాలి. వచ్చిన అంకెలోంచి దుంగ ఒక్కటే ఉన్నప్పుడు చూపించిన అంకె తీసేసి మూడుతో గుణించండి.

ఊపు మొదలైతే కారు బ్రేకు గట్టిగా తొక్కకండి, స్టీరింగుతో సరిదిద్దబోకండి. యాక్సిలరేటర్ మీద కాలు మెల్లగా తీసేయండి. ట్రైలర్‌కు విడిగా ఎలక్ట్రిక్ బ్రేకులుంటే వాటిని మాత్రమే చేత్తో వేయండి. కాలిఫోర్నియాలో ట్రైలర్ లాగే వాహనాలకు గరిష్ఠ వేగం ఎలాగూ 55 మైళ్లే. అక్కడ 1,500 పౌండ్లు, ఆపై ఉన్న క్యాంప్ ట్రైలర్‌కు బ్రేకులు తప్పనిసరి. మీరు ఇంకో 217 పౌండ్ల దూరంలో ఉన్నారు, అది చూసుకోండి.

ఒకసారి హిచ్ బాల్ మీద చెక్కిన సైజు కూడా చదవండి. రెండంగుళాల కప్లర్ 1-7/8 బాల్ మీద కూడా చక్కగా లాక్ అయినట్టే కనిపిస్తుంది. పెద్ద గతుకు వచ్చినప్పుడు ఊడిపోతుంది. అందుకే గొలుసులు రెండూ టంగ్ కింద అడ్డంగా ఒకదానిమీదొకటి దాటేలా వేయాలి. ఊడినా టంగ్ రోడ్డును తాకకుండా ఆ గొలుసులే పట్టుకుంటాయి.

పైకప్పు అంచున నీళ్లు కారుతున్నాయి. సిలికోన్ రెండు మూడుసార్లు రాశాను, ఆగడం లేదు. పైగా వెనక మూత కింది అంచు ముప్పావు అంగుళం బయటికి తేలి కూర్చుంది.
— ఎడిసన్, న్యూజెర్సీ

సిలికోన్ మీద సిలికోన్ కూడా పట్టదు, రంగూ పట్టదు. ముందు ఆ అంచు పట్టీలన్నీ విప్పి, పాతదంతా బ్లేడుతో గీకి, శుభ్రం చేయాలి. విసుగు పుట్టించే పని, దగ్గరదారి లేదు. తర్వాత పట్టీ కింద బ్యూటైల్ టేపు (మెత్తటి జిగట రబ్బరు టేపు) వేసి స్టెయిన్‌లెస్ స్క్రూలతో బిగించండి. ఒకేసారి పూర్తిగా బిగించకుండా మర్నాడు ఎండకు టేపు మెత్తబడ్డాక ఇంకోసారి తిప్పండి. పక్కలకు పొంగిన టేపును ప్లాస్టిక్ ముక్కతో కోసేయండి. బ్యూటైల్ ఎప్పటికీ గట్టిపడదు, కదలికను తట్టుకుంటుంది. ఆ గుణమే కావాలి. ఎందుకంటే ఎనిమిదడుగుల అల్యూమినియం రేకు తెల్లవారుజాము చలికీ మధ్యాహ్నం ఎండకీ మధ్య, 40 సెల్సియస్ డిగ్రీల తేడా ఉంటే, రెండు మిల్లీమీటర్లకు పైగా సాగుతుంది. అందుకే పైకప్పు రేకును చెక్కకు జిగురుతో అంటించకూడదు. అంచుల పట్టీల కింద అది జరగడానికి చోటుండాలి. అంటిస్తే మధ్యలో బుడగలా ఉబ్బుతుంది.

టేపు వేసేముందు ప్లైవుడ్ కోసిన అంచుల మీద వేలు పెట్టి చూడండి. నల్లగా, మెత్తగా ఉంటే నీళ్లు అప్పటికే తాగేసింది. ఆ ముక్క తీసి కొత్తది వేయక తప్పదు. కొత్త అంచులకు, ప్రతి స్క్రూ రంధ్రానికి ఎపాక్సీ పూయండి. ప్లైవుడ్ ముఖం కంటే అంచే నీటిని ఎక్కువ పీలుస్తుంది.

ఇక మూత. వంచిన ప్లైవుడ్‌ను పక్కటెముకల్లాంటి చట్రాలకు జిగురు పెట్టి బిగించి, జిగురు ఆరాక క్లాంపులు విప్పగానే అది కొంత వెనక్కి లాగుకుంటుంది. ఒకే మందపాటి పొర వేస్తే ఇది మరీ ఎక్కువ. మూడు మిల్లీమీటర్ల పొరలు రెండు, మధ్య నిండా జిగురుతో, ట్రైలర్ గోడల వంపు కంటే కొంచెం ఎక్కువ వంచిన అచ్చు మీద బిగించి రెండు రోజులు వదిలేస్తే ఆకారం నిలుస్తుంది. చెక్క జిగురు 50 ఫారెన్‌హీట్ కంటే చలిలో సరిగ్గా పట్టదు. న్యూజెర్సీలో ఈ పని చలికాలం గరాజ్‌లో పెట్టుకోవద్దు. మీ మూత ఇప్పటికే తయారైపోయింది కాబట్టి ముప్పావు అంగుళాన్ని కింది రెండు మూలల్లో రెండు బిగింపు గొళ్లేలు పెట్టి లోపలికి లాగొచ్చు. మూత ఎత్తే గ్యాస్ స్ట్రట్లను మాత్రం చూడండి. మూసినప్పుడు అవి మూతను బయటికి నెట్టే కోణంలో ఉంటే నెలల తరబడి నెట్టి నెట్టి వంపు చెడగొడతాయి.

రాత్రి సీపాప్ మెషిన్ (నిద్రలో ఊపిరి ఆగకుండా గాలి పంపేది) వాడతాను. ఫ్యాన్, చిన్న ఫ్రిజ్ కావాలి. రైస్ కుక్కర్ కూడా నడిస్తే బాగుంటుంది. ఒక్క 100 ఆంపియర్ అవర్ బ్యాటరీ చాలుతుందా?
— అట్లాంటా, జార్జియా

సీపాప్‌కు వేడి హ్యుమిడిఫైయర్ ఆపేసి, ఇన్వర్టర్ లేకుండా కంపెనీ 12 వోల్టుల త్రాడుతో నేరుగా నడిపితే రాత్రికి సుమారు 12 నుంచి 20 ఆంపియర్ అవర్లు. హ్యుమిడిఫైయర్ పెడితే రెండింతలు దాటుతుంది. పైకప్పు ఫ్యాన్ నెమ్మది వేగంలో అయిదారు. కంప్రెసర్ ఫ్రిజ్ రోజుకు 25 నుంచి 40, వేసవి జార్జియాలో పై అంకే నమ్మండి. దీపాలు, ఫోన్లు కలిపి ఏడెనిమిది. అంతా కలిస్తే రోజుకు 50 నుంచి 75. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ అయితే రాత్రి గడుస్తుంది. అదే లెడ్ బ్యాటరీ అయితే 60 పౌండ్ల పైన బరువు, అందులో సగమే వాడుకోగలం.

500 వాట్ల రైస్ కుక్కర్ అరగంట నడిస్తే ఇన్వర్టర్ నష్టంతో కలిపి 22 ఆంపియర్ అవర్లు మింగుతుంది. నడిచినంతసేపూ 44 ఆంపియర్లకు పైగా లాగుతుంది కాబట్టి 1,000 వాట్ల ఇన్వర్టర్, మందపాటి కేబుల్, బ్యాటరీ పక్కనే ఫ్యూజు కావాలి. ఇంత హంగామా అన్నం కోసమా? గ్యాస్ పొయ్యి మీద చిన్న ప్రెషర్ కుక్కర్ మూడు కూతల్లో అదే పని చేస్తుంది. కరెంటు సీపాప్‌కు దాచండి.

100 వాట్ల సోలార్ ప్లేటు మంచి ఎండలో రోజుకు 25, 30 ఇస్తుంది, చెట్ల నీడలో ఏమీ ఇవ్వదు. కారు నుంచి చార్జ్ చేయాలంటే నాలుగు తీగల ప్లగ్గు పనికిరాదు. ఏడు పిన్నులది, మధ్యలో డీసీ-డీసీ చార్జర్ (కారు కరెంటును బ్యాటరీకి తగ్గట్టు మార్చేది) పెట్టించాలి. లిథియం బ్యాటరీని గడ్డకట్టే చలిలో, అంటే 32 ఫారెన్‌హీట్ కింద చార్జ్ చేయకూడదు. వాడుకోవచ్చు.

దీపాలు పిచ్చిగా వెలుగుతుంటే, ఒక ఇండికేటర్ వేస్తే రెండూ మసకగా మినుకుమంటుంటే తప్పు నూటికి తొంభైపాళ్లు తెల్ల తీగదే. అది గ్రౌండు. ఫ్రేమ్ మీద రంగు గీకి, మెరిసే ఇనుముకు బిగించండి. గోధుమరంగు వెనక దీపాలది, పసుపు ఎడమ, ఆకుపచ్చ కుడి.

పోపు వేస్తే మూత కింద మసి పడుతోంది. లోపల పొయ్యి పెట్టుకోవచ్చా?
— నేపర్‌విల్, ఇల్లినాయ్

వద్దే వద్దు. పడుకునే పెట్టెలో మంట, ప్రొపేన్ సిలిండర్ రెండూ ఉండకూడదు. ప్రొపేన్ గాలి కంటే బరువు, లీకైతే పరుపు మట్టానికే చేరి నిలుస్తుంది. కార్బన్ మోనాక్సైడ్ అలారం ఎలాగూ పెట్టండి. పొయ్యిని జారే పలక మీద బిగించి మూత నీడ దాటి బయటికి లాక్కోండి. ఆవాలు చిటపటలాడినా ఆకాశం కిందే. ఇది టియర్‌డ్రాప్‌లో మన వంటకు కలిసొచ్చే సంగతి, ఇంగువ వాసన పరుపుకు అంటదు. యోసెమిటీ లాంటి చోట్ల మాత్రం ఊరగాయ జాడీతో సహా తిండి సామానంతా క్యాంపులోని ఇనుప పెట్టెలో పెట్టాలి. ప్లైవుడ్ గోడ ఎలుగుబంటికి పెద్ద అడ్డేం కాదు.

హైదరాబాద్‌లో ఇలాంటిది కట్టి నా ఇన్నోవాకు తగిలించుకోవచ్చా?
— కూకట్‌పల్లి

మోటారు వాహనాల చట్టంలో ట్రైలర్ కూడా వాహనమే, రిజిస్ట్రేషన్ లేకుండా రోడ్డెక్కించలేరు. కారు విషయంలో సెక్షన్ 52 ఉంది: తయారీదారు ఇచ్చిన, ఆర్‌సీలో ఉన్న వివరాలకు తేడా వచ్చేలా మార్చకూడదు. ఇంట్లో కట్టిన పెట్టెకు ఆర్‌టీఓ దగ్గర దారి దొరకడం కష్టం, ప్రమాదం జరిగితే బీమా చిక్కులూ వస్తాయి. సరదా తీరాలంటే 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌తో, వెనక సీట్లు మడిచిన చోట ఒదిగే మడత మంచం, సొరుగుల పెట్టె చేసుకోండి. కారుకు రంధ్రం వేయకుండా కొక్కేలకు బెల్టులతో బిగించి, ఇంటికొచ్చాక తీసి పక్కన పెట్టండి.

ఇండియా నుంచి వచ్చిన మా అమ్మానాన్నలకు నేషనల్ పార్కుల సీనియర్ పాస్ ఇస్తారా?
— సియాటెల్

విజిటర్ వీసా మీద వచ్చినవాళ్లకు ఇవ్వరు. 62 నిండిన అమెరికా పౌరులకు, గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకు మాత్రమే. జీవితకాలానికి 80 డాలర్లు, ఏడాదికైతే 20. చాలా పార్కుల్లో క్యాంప్ స్థలం అద్దె సగమవుతుంది. అన్నట్టు, ట్రైలర్ కదులుతున్నప్పుడు పెద్దవాళ్లను అందులో పడుకోబెట్టి తీసుకెళ్లకండి.

ట్రైలర్ ఏడాదిలో పది నెలలు గరాజ్‌లోనే ఉంటుంది. బయల్దేరేముందు ఏం చూసుకోవాలి?
— కొలంబస్, ఒహాయో

టైరు పక్కన డాట్ అక్షరాల వరస చివర నాలుగు అంకెలుంటాయి. మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. 2319 అంటే 2019లో 23వ వారం. అయిదారేళ్లు దాటితే పువ్వు అరగకపోయినా మార్చేయండి. ట్రైలర్ టైర్లు అరిగి కాదు, ఎండి పగిలి పోతాయి. టైరు చల్లగా ఉన్నప్పుడే గాలి నింపండి. బేరింగుల్లో గ్రీజు ఏడాదికోసారి, లేదా 12,000 మైళ్లకోసారి మార్చాలి. చక్రం జాకీ మీద ఎత్తి పైనా కిందా పట్టుకుని ఊపితే టకటకమనకూడదు. చక్రం విప్పి బిగించిన ప్రతిసారీ 10, 25, 50 మైళ్ల దగ్గర ఆగి నట్లు టార్క్ రెంచితో మళ్లీ చూడండి. అర అంగుళం స్టడ్డుకు 90 నుంచి 120 అడుగు-పౌండ్లు. మొదటి ఆగుడులో హబ్ మీద అరచెయ్యి ఆనించండి. గోరువెచ్చగా ఉంటే సరే, చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటే బేరింగ్ మరీ బిగుసుకుందో, గ్రీజు లేదో చూసుకున్నాకే కదలండి.